ముందు పాదం

ఆర్డిస్ క్లాసులో మొదటి అరగంట ఎవరూ తుపాకీ మాట ఎత్తకూడదు. మంచు కరిగి ఎలుగులు కొండ దిగే రోజుల్లో, నల్ల ఎలుగు వేటకి అనుమతి తీసుకున్న ప్రతివాడూ ఆ లోయలో ఒక శనివారం చర్చి కింది హాల్లో, మడత కుర్చీ వేసుకుని ఆమె ముందు కూర్చోవలసిందే. చట్టం అడిగే పరీక్ష ఇంట్లో కంప్యూటర్ మీద రాసేయవచ్చు. ఆర్డిస్ క్లాసు చట్టం కాదు, ఊరి మర్యాద. నల్ల ఎలుగును కాలిస్తే ఇంటికి మాంసం వస్తుంది. వేట నిషేధమున్న గ్రిజ్లీ ఎలుగును కాలిస్తే ఇంటికి వేట చట్టం చూసే వార్డెన్ వస్తాడు.

"రంగు సంగతి మర్చిపోండి" అని మొదలుపెట్టేది ఆమె. "నల్ల ఎలుగు దాల్చినచెక్క రంగులో ఉండొచ్చు. గ్రిజ్లీ బొగ్గులా ఉండొచ్చు. మూపురం చూడండి. అలాగని మూపురం ఒక్కటే నమ్ముకోకండి, తల దించి గడ్డి మేసే నల్లదానికి కూడా మూపురం ఉన్నట్టే ఉంటుంది. ముఖం పక్కకి తిప్పేదాకా ఆగండి. ముక్కు తిన్నగా దిగితే నల్లది, పళ్లెంలా లోపలికి గుంట పడితే గ్రిజ్లీ. చెవులు చూడండి. అన్నీ కుదిరాయా? ఒక్కటి కుదరకపోయినా సరే, తుపాకీ భుజాన వేసుకుని ఇంటికి పోయి పడుకోండి."

ఆ తర్వాత పాదాల గుర్తులు. ఆమె భర్త నార్మ్ ప్లాస్టర్ అచ్చుల పళ్లెం పట్టుకుని పక్కన నిలబడేవాడు. ఏ అచ్చు ఎప్పుడు అందించాలో ఆమె చెప్పకుండానే అతనికి తెలుసు. ముందు పాదం అచ్చు మీద ఆమె వేళ్ల కిందుగా ఒక పుల్ల అడ్డం పెట్టి చూపించేది. వేళ్లన్నీ పుల్లకి పైన వరసగా నిలబడితే గ్రిజ్లీ, చిన్నవేలు పుల్ల కిందికి జారితే నల్లది. గోళ్ల గాట్లు వేళ్లకి బాగా ముందు పడితే ఇక ఆలోచించక్కర్లేదు.

"మరి వెనక పాదం?" అని ఎవరో ఒకరు అడిగేవారు.

నార్మ్ అందుకునేవాడు. "వెనక కాలు చూసి ఎలుగునే కాదురా అబ్బాయిలూ, మనిషిని కూడా పోల్చలేం. అందుకే మా ఆవిడకి కోపం వచ్చినప్పుడు నేను వెనక్కి తిరిగి నడుస్తా."

ఏటా అదే మాట. ఏటా నవ్వేవారు. ఆర్డిస్ కూడా.

*

ఆ వసంతంలో ఆదివారం నుంచీ తుంపర పడుతూనే ఉంది. మంగళవారం పొద్దున నార్మ్ చెల్లెలు కోరిన్ ఫోన్ చేసింది.

"వదినా, ఏదో మా కోళ్ల షెడ్డు తలుపు ఊడబెరికింది. సగం కోళ్లు పోయాయి. ఒక్కసారి వచ్చి చూసిపో, నీకు పుణ్యముంటుంది."

నార్మ్ అప్పటికే బయటికి వెళ్లి వచ్చి, స్టవ్ పక్కన సాక్సులు ఆరబెట్టుకుంటూ అట్లు తింటున్నాడు. "వెళ్లు మరి. పాపం ఏడుస్తోందేమో" అన్నాడు, పాకం సీసా అందుకుంటూ.

కోరిన్, ఆమె మొగుడు వేడ్ ఉండే ఇల్లు కాలవ దాటాక, లార్చ్ అనే కొండ చెట్ల అంచున ఉంది. కోరిన్ గుమ్మంలోనే ఎదురొచ్చి వదిన చెయ్యి పట్టుకుంది. ఇంట్లోకి రమ్మనలేదు, షెడ్డు తలుపు చూపించలేదు. తిన్నగా షెడ్డు వెనక్కి తీసుకెళ్లింది.

"ఇదిగో. ఇక్కడ చూడు."

బురదలో రెండు వెనక పాదాల గుర్తులు. మడమతో సహా స్పష్టంగా, పెద్ద మనిషి చెప్పుల్లేకుండా నడిచినట్టు. ఆర్డిస్ మోకాళ్ల మీద కూర్చుంది. వాటి ముందు బురద నున్నగా ఉంది.

"ముందు కాళ్లవి లేవా?"

"కోళ్లు తొక్కేశాయేమో వదినా. మిగిలిన పిరికి ముండలు పొద్దున్నుంచీ ఇక్కడే బెదురుకుంటూ తిరుగుతున్నాయి."

కావచ్చు అనుకుంది ఆర్డిస్. పైగా నడిచే ఎలుగు చాలాసార్లు ముందు కాలు వేసిన చోటే వెనక కాలు వేస్తుంది. ముందు పాదం గుర్తు దొరకకపోవడం వింతేం కాదు. ఆ మాట క్లాసులో తనే చెప్తుంది.

"అయితే ఏమంటావు?" అంది కోరిన్.

"ఏమనడానికేముంది ఇందులో? వెనక పాదం చూసి చెప్పలేనే. సైజుని బట్టి నల్లది కావచ్చు, పడుచు గ్రిజ్లీ కూడా కావచ్చు."

"నల్లది కావచ్చంటావు."

"రెండూ కావచ్చంటున్నా."

"అదే, నల్లది కావచ్చు."

"కోరిన్!" ఆర్డిస్ నవ్వుతూనే కసురుకుంది. "నేనేమన్నా గంగిరెద్దునా, మాట మాటకీ తల ఊపడానికి? వార్డెనుకి ఫోన్ చెయ్యి. అతనొచ్చి బయటి గుర్తులు కూడా చూస్తాడు. ఇంతకీ కరెంటు కంచె ఏమైంది? పోయినేడాది తెచ్చి ఇచ్చానుగా."

"పశువుల కొట్టంలో ఉంది."

"పెట్టెలోనా?"

"పెట్టెలోనే అనుకో. వేడ్‌కి తీరికేదీ? గొర్రెలు ఈనే రోజులు."

"ఈ సాయంత్రానికి బిగించమను. తీరిక లేదంటే మీ అన్నయ్యని పంపిస్తా."

"సరే సరే. కాఫీ తాగి వెళ్లు. హకిల్‌బెర్రీ పళ్లు పెట్టి కాల్చిన పై కూడా ఉంది, నిన్నటిది."

కాఫీ తాగింది. పై ఒక ముక్క తింది. ఇంటికొచ్చి నార్మ్‌తో, "మీ చెల్లెలు కంచె పెట్టె కూడా విప్పలేదు తెలుసా?" అంది. "వేడ్ అంతే, బద్ధకం వెధవ" అన్నాడు నార్మ్ పేపర్లోంచి తల ఎత్తకుండా.

*

గురువారం ఆర్డిస్ దాణా కొట్టుకి వెళ్లింది. లోపలికి అడుగు పెట్టగానే కౌంటరు దగ్గర మాటలు ఆగిపోయాయి. కొట్టు యజమాని మెర్ల్ గొంతు సవరించుకున్నాడు. అతను ఆమె క్లాసుకి ఏ ఏడాదీ తప్పకుండా వచ్చినవాడు.

"ఏంటి ఆర్డిస్, ఈసారి గురి తప్పిందటగా?"

"దేని గురి?"

"ఇకమీదట క్లాసు నేను చెప్తాలే. నువ్వొచ్చి ముందు వరసలో కూర్చో." ఎవరూ నవ్వలేదు. ఆమె ముఖం చూసి మెర్ల్ తగ్గాడు. "నీకు తెలీదా? పొద్దున మీ ఆడపడుచు మొగుడు కాల్చాడు. పక్క పొలంవాడు మోత విని వెళ్లి చూస్తే గ్రిజ్లీ. వాడే వార్డెనుకి ఫోన్ చేశాడు. వేడ్ ఏమంటున్నాడంటే..."

"ఏమంటున్నాడు?"

"నువ్వొచ్చి చూసి నల్లదని చెప్పావట. నీ మాట మీదే కాల్చాడట."

ఆర్డిస్ దాణా మూట అక్కడే వదిలేసి బయటికి వచ్చింది. పికప్ బండి స్టార్ట్ చేసింది. కోపం అప్పటికి ఇంకా రాలేదు. ఎక్కడో పొరబాటు జరిగి ఉంటుంది, తను వెళ్లి రెండు మాటలు చెబితే సర్దుకుంటుందనే అనుకుంది దారంతా.

కోరిన్ పెరట్లో వార్డెన్ టాలెఫ్‌సన్ తన బండి వెనక తలుపు దించి ఉన్నాడు. టార్పాలిన్ కింద ఎలుగు. దాదాపు నల్లగా ఉన్న పడుచు జంతువు. చూపు రంగు దగ్గరే ఆగేవాడికి నల్లదే. ముందు కాలొకటి టార్పాలిన్ కింది నుంచి వేలాడుతోంది. గోళ్లు మనిషి వేళ్లంత పొడవు, పాత దంతం రంగు. గోళ్ల సందుల్లో ఎండిన బురద.

ఈ గోళ్ల గాట్లు ఆ బురదలో పడి ఉంటే గుడ్డివాడు కూడా తడిమి చెప్పేవాడు.

"అక్కయ్యా!" వేడ్ వార్డెన్ పక్క నుంచి రెండడుగులు ముందుకొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం పెద్దదే. "నిన్ను నమ్మే కదా కాల్చాను! నువ్వు నల్లదనకపోతే నేను తుపాకీ ముట్టుకునేవాణ్ణా?"

"నేనలా అనలేదు వేడ్."

"వదినా, నల్లది కావచ్చు అన్నావు కదా" అంది కోరిన్, గుమ్మంలోంచి. ఆమె వైపు చూడలేదు.

టాలెఫ్‌సన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నెమ్మదైన మనిషి. "ఆర్డిస్ గారూ, మధ్యాహ్నం మీ ఇంటికి వస్తాను. మీరు చూసిందేమిటో మీ నోటితోనే వినాలి. ఇక్కడ వద్దు."

బండి వెళ్లిపోయింది. వేడ్ కొట్టంలోకి పోయాడు. ఆర్డిస్ ఎవరి అనుమతీ అడగకుండా షెడ్డు వెనక్కి నడిచింది.

వెనక పాదాల గుర్తులు ఇంకా ఉన్నాయి. మూడు రోజుల తుంపరకి అంచులు కరిగిపోయాయి. వాటి ముందున్న చోట ఇప్పుడు కోళ్ల గీతలు కిక్కిరిసి ఉన్నాయి. అది చూశాక ఆమెకి మంగళవారం నాటి నేల తిరిగి కళ్ల ముందుకొచ్చింది. ఆ రోజు అక్కడ ఒక్క కోడి గీత లేదు. వాన చినుకు గుంట కూడా లేదు. రెండు రోజులుగా తడుస్తున్న నేల అప్పుడే అలికినట్టు ఉంది. తనకి కనిపించింది. కనిపించినా ఆడపడుచు పెరడు కదా అని ఇంకేమీ అనుకోలేదు.

కోరిన్ వెనకే వచ్చి నిలబడింది.

"ఇక్కడ ముందు పాదాలు ఉన్నాయి" అంది ఆర్డిస్. "చెరిపేశారు."

"ఏంటి వదినా నువ్వు..."

"వెనకవి వదిలేసి ముందువి మాత్రం చెరిపారు. నన్ను పిలవకముందే. నీకు అది గ్రిజ్లీ అని ముందే తెలుసు."

కోరిన్ పెదవి కొరుక్కుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఎప్పుడూ ఆమెకి అందుబాటులోనే ఉంటాయి.

"మా బాధ నీకేం తెలుసు? ఫోన్ చేస్తే వాళ్లొచ్చి బోను పెడతామంటారు, చూద్దామంటారు, కంచె ఏదీ అంటారు. ఈలోపల గొర్రెపిల్లలు పుడతాయి. పుట్టినవి పుట్టినట్టే దాని నోట్లోకి పోతాయి. పొరబాటున కాల్చినవాణ్ణి మందలించి వదిలేస్తారట, తెలిసి కాలిస్తేనే జైలట."

"అందుకని నా పొరబాటు కావాల్సొచ్చింది."

"నిన్నెవరేమంటారు వదినా? నీకు పేరుంది."

"ఆ పేరే కదే వాడుకున్నారు." ఆర్డిస్ గొంతు లేవలేదు. "నేను ముందు పాదం కోసం చూస్తానని నీకెలా తెలిసింది? నువ్వు ఏనాడూ నా క్లాసుకి రాలేదు. వేడ్ వచ్చి వెనక వరసలో నిద్రపోయాడు."

"నాకేం తెలుసు ఏది చెరపాలో? అన్నయ్యే పొద్దున్నే వచ్చి..."

కోరిన్ నోరు చేత్తో మూసుకుంది.

ఎక్కడో గొర్రె ఒకటి అరిచింది. స్టవ్ పక్కన ఆరుతున్న సాక్సులు, పాకం సీసా, 'వెళ్లు మరి, పాపం ఏడుస్తోందేమో' అన్న మాట ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఆర్డిస్ పికప్ వైపు నడిచింది.

"వదినా! అన్నయ్యని ఏమీ అనకు వదినా!" అని కోరిన్ వెనక నుంచి అంటూనే ఉంది.

*

నార్మ్ వంటింట్లో టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నాడు. చెల్లెలు ఫోన్ చేసేసినట్టుంది. రెండు కప్పుల్లో కాఫీ పోసి పెట్టాడు.

"కూర్చో ఆర్డీ" అన్నాడు.

ఆమె కోటు విప్పలేదు. "బురద దంతెతో లాగావా, చీపురుతోనా?"

"ఏం మాట్లాడుతున్నావు..."

"అడిగిందానికి చెప్పు."

"దంతె వెనక్కి తిప్పి" అన్నాడు చివరికి. "మొదట పళ్లతో లాగితే చారలు పడ్డాయి."

ఆమె తల పంకించింది. పనివాడి జవాబు అది.

నార్మ్ ఇక ఆగలేదు. "చూడు, వార్డెన్ వచ్చేలోపల ఒక మాట అనుకుందాం. నువ్వు పొరబడ్డానంటే చాలు. మబ్బుగా ఉంది, వాన పడుతోంది, సరిగ్గా కనపళ్లేదు. అంతే. నీకేం పోతుంది? నిన్ను ఎవరూ జైల్లో పెట్టరు. వేడ్‌కైతే తుపాకీ పోతుంది, వేట పోతుంది, కోర్టు చుట్టూ తిరగాలి. చంటిపిల్లల ఇల్లు."

"నాకేం పోతుందా?"

"ఏదో రెండు రోజులు దాణా కొట్టులో నవ్వుకుంటారు. తర్వాత మర్చిపోతారు."

"ఈ శనివారం క్లాసుంది నార్మ్. నేను 'ఆగండి, ముఖం తిప్పేదాకా ఆగండి' అంటే ఎవడాగుతాడు? 'వేడ్‌కి చెప్పినట్టే మాకూ చెప్తోంది' అనుకోడూ? తరవాత కొండ మీద ఒకడు కాలుస్తాడు. అదీ నా ఖాతాలోనే పడుతుంది."

"ఎవడో కాలుస్తాడని మనవాణ్ణి ఇరికిస్తావా?"

"మనవాళ్లలో నేను లేనా?"

నార్మ్ కప్పు తిప్పుతూ కూర్చున్నాడు. బయట బండి ఆగిన చప్పుడైంది. అతను గబగబా లేచి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. పెళ్లైన కొత్తలో గొడవపడినప్పుడు వేసేవాడు అలా. "ఆర్డీ, నా ముఖం చూసి."

ఆమె అతని ముఖం చూసింది. చెయ్యి తీసి పక్కన పెట్టి, తలుపు తెరవడానికి వెళ్లింది.

టాలెఫ్‌సన్ బూట్లు గుమ్మం బయటే విప్పి లోపలికి వచ్చాడు. కాఫీ వద్దన్నాడు. నార్మ్ వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు. "మీరు ఒంటరిగా మాట్లాడతానంటే..."

"అక్కర్లేదు. ఆయన ముందే చెప్తాను" అంది ఆర్డిస్. "నేను చూసింది వేరే, విన్నది వేరే. రెండూ కలపకుండా రాసుకోండి."

అతను పెన్ను తీశాడు.

"చూసింది ఇదీ. షెడ్డు వెనక రెండు వెనక పాదాల గుర్తులు. ముందు పాదాలవి లేవు. ఉండాల్సిన చోట బురద నున్నగా ఉంది, చినుకు గుంటల్లేవు. అది నాకు కనిపించింది, నేను పట్టించుకోలేదు. నల్లది కావచ్చు, గ్రిజ్లీ కావచ్చు, దీన్ని బట్టి చెప్పలేనన్నాను. మీకు ఫోన్ చేసి కంచె బిగించమన్నాను. నల్లదని నేను అనలేదు. ఇంక విన్నది. ఇవాళ మా ఆడపడుచు నాతో అంది, మంగళవారం పొద్దున్నే వాళ్లన్నయ్య వచ్చాడని. ఇందాక ఈ టేబుల్ దగ్గరే ఆయన నాతో అన్నాడు, దంతె వెనక్కి తిప్పి లాగానని. అది నేను కళ్లారా చూడలేదు. ఆయన్ని అడగండి."

నార్మ్ ముఖంలో రంగు లేదు. టాలెఫ్‌సన్ అతని వైపు తిరిగి, మర్యాదగా, "ఏమంటారండీ?" అన్నాడు.

నార్మ్ ఆర్డిస్ వైపు చూశాడు. క్లాసులో ఎవరైనా చిక్కు ప్రశ్న వేసినప్పుడు చూసేవాడు అలా, జవాబు ఆమె అందిస్తుందని. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"అవును" అన్నాడు నార్మ్. "నేనే."

తర్వాత జరగవలసినవి టాలెఫ్‌సన్ నెమ్మదిగా చెప్పాడు. మళ్లీ వస్తానన్నాడు. గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ "వస్తానండీ" అని వెళ్లిపోయాడు.

బండి కాలవ వంతెన దాటింది.

"అమ్మేశావు" అన్నాడు నార్మ్. "కట్టుకున్న మొగుణ్ణి, వాడి ముందు నిలబెట్టి అమ్మేశావు."

"నువ్వు నన్ను దేనికి అమ్మేశావో ముందు అది చెప్పు."

"దేనికేంటి? చెల్లెలు ఏడిచింది."

"అంతేనా?"

"అంతే. ఫోన్‌లో ఏడిచింది. వెళ్లాను."

ఇంకేదైనా ఉంటుందనుకుంది ఆర్డిస్. వేడ్ బెదిరించాడనో, పాత రుణం ఏదో తీర్చుకోవాలనుకున్నాడనో, ఇన్నేళ్లుగా పళ్లెం మోసి మోసి తన మీద కడుపుమంట పెట్టుకున్నాడనో. అలాంటిదొకటి ఉంటే పట్టుకుని పోట్లాడేది. ఏమీ లేదు. చెల్లెలు ఏడిచింది, వెళ్లాడు, లాగేశాడు, ఇంటికొచ్చి అట్లు తిన్నాడు.

దంతె చేతిలోకి తీసుకున్నప్పుడు నేను గుర్తొచ్చానా అని అడగబోయింది. అడగక్కర్లేదనిపించింది. గుర్తు రాకుండా ఆ పని చేయలేడు. ఆమె ఎక్కడ మోకాళ్ల మీద కూర్చుంటుందో, మొదట ఏది వెతుకుతుందో, అది దొరక్కపోతే తనకి తాను ఏమని సర్దిచెప్పుకుంటుందో, అయినవాళ్ల పెరట్లో ఎంతవరకు అనుమానిస్తుందో, అన్నీ లెక్క చూసుకునే, చారలు కూడా మిగలకుండా చదును చేశాడు. ఇన్నేళ్లలో ఆమెని అంత శ్రద్ధగా గమనించిన మనిషి మరొకరు లేరు.